ఎడమకు తిప్పితే వేడి

చేతులు తడిగా ఉంటే పనిచేయని పొయ్యిని తయారుచేసినవాడు జన్మలో ఎన్నడూ వంట చేసి ఉండడు. ఈ మాట మా ఇంట్లో కరెంటు పొయ్యి కొన్న రోజే అన్నాను, ఇప్పటికీ అంటాను. దాని పైనంతా నున్నటి గాజు. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా ఆ గాజు మీది బొమ్మను వేలితో తాకాలి. బియ్యం కడిగిన చేత్తో తాకితే అది పలకదు. పాలు పొంగి మీద పడితే మాత్రం ఎవరూ తాకకుండానే కూతపెట్టి ఆరిపోతుంది. అంగడివాడిని అడిగితే, "చెయ్యి పొడిగుడ్డతో తుడుచుకొని తాకండి సార్" అన్నాడు. పాలు పొంగుతుంటే పొడిగుడ్డ వెతుక్కునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నా కోపానికి వయసు కారణమని మా ఇంట్లో అనుకుంటారు. వయసుకు దీంతో సంబంధం లేదు. ఇదే కోపం నాకు ఎనభైల మధ్యలో, కుప్పంలో ఒక పట్టుదారం ఫ్యాక్టరీలో వచ్చింది. అప్పటికి నా తలలో ఒక్క వెంట్రుకా నెరవలేదు. గాజు లేదు గాని, ఎర్ర అంకెలు వెలిగే ఇనప పెట్టె ఉండేది. ఆ పెట్టె మూలంగా ఒక పెద్దావిడ తన పీట పోగొట్టుకునేంత పని అయింది. పెట్టెదే తప్పని ఆ రోజు గట్టిగా అన్నది నేనొక్కడినే. కాబట్టి చెప్పవలసిందీ నేనే.

మదనపల్లెలో నాది రేడియో రిపేరు అంగడి. డెబ్బైల మొదట్లో పెట్టాను. బడి ఆరో తరగతితో సరి. తక్కిన చదువంతా చెడిపోయిన రేడియోల పొట్టలు విప్పి చదివిందే. ఇంగ్లీషు పుస్తకాలు పాతసామాన్లవాడి దగ్గర తూకానికి కొని, నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. ఆ పుస్తకాలంటే నాకు గౌరవమే గాని వాటిలో ఒక లోపం ఉంది. మీట ఎలా నొక్కాలో చూపించే బొమ్మలో వేలు ఎప్పుడూ పొడిగా, శుభ్రంగా, చక్కగా కత్తిరించిన గోరుతో ఉంటుంది. నా అంగడికి అలాంటి వేలు ఒక్కటీ రాలేదు. టమాటా గంపలు మోసిన వేళ్ళు వచ్చాయి. మగ్గం మీద బండబారిన వేళ్ళు వచ్చాయి. సున్నం తిన్న వేళ్ళు వచ్చాయి.

ఒకసారి గుర్రంకొండ వైపు నుంచి మేకలు కాసే ఒకాయన ట్రాన్సిస్టరు తెచ్చాడు. తిప్పి చూశాను. శుభ్రంగా పాడుతోంది.

"బాగానే ఉండాదే. యాల తెచ్చినావప్పా?" అన్నాను.

"వానొస్తే దీన్ని కంబళి కింద పెట్టుకుంటా. లోపల సెయ్యి పెట్టి తిప్పితే వార్తలొచ్చే టేసను యాడుండాదో దొరకదు. సూడల్లంటే కంబళి తియ్యల్ల. తీస్తే అది తడుస్తాది."

"గాజులో ముల్లు కనపడతా ఉండాది గదా."

"రేడియో ఇనేదానికి గదప్పా. దాని మొగం సూస్తా కూర్సోవల్నా నేను?"

స్టేషను తిప్పే చక్రం అంచున, ఆయన వార్తలు వచ్చే చోట, సగం చింతగింజను లక్కతో అంటించాను. బొటనవేలికి గింజ తగిలితే వార్తలు. ఆయన కళ్ళు మూసుకొని తిప్పాడు, వార్తలు దొరికాయి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. తరువాత చింతగింజ రేడియో కావాలని గుర్రంకొండ నుంచీ కలకడ నుంచీ కూడా వచ్చి అడిగినవాళ్ళున్నారు. అప్పటినుంచి ఏ సామాను చేతికొచ్చినా ముందు కళ్ళు మూసుకొని తడిమేవాణ్ణి. పక్క అంగళ్ళవాళ్ళు నాకు చూపు మందగించిందనుకున్నారు.

ఎనభైలు వచ్చేసరికి మా పనిలోకి అంకెలు దిగాయి. ముల్లు తిరిగే గడియారాల పక్కన అంకెలు మారే గడియారాలు వచ్చాయి. జనం ఆ అంకెలను ఎంత నమ్మారంటే, ముల్లు చూపించిన వేడిని "ఇంచుమించు" అనేవాళ్ళు, అదే వేడి ఎర్ర అంకెల్లో వెలిగితే ఇక నోరెత్తేవాళ్ళు కాదు. నాకూ అవంటే ముచ్చటే, కాదనను. బెంగుళూరులో అలాంటి పెట్టెలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపు ఆయన దగ్గర నేను విడి సామాన్లు కొనేవాణ్ణి. మంచి మనిషి. మా వైపు ఎవరైనా ఆయన పెట్టెలు కొంటే బిగించి, నడిపించి చూపే పని నాకు అప్పగించాడు. అలా కుప్పం పోయాను.

ఫ్యాక్టరీ ఒక సాయిబుది. పెద్ద రేకుల కొట్టం. ఒక కొసన బాయిలరు, అక్కడినుంచి గోడ వెంబడి ఆవిరి గొట్టం, దాని కింద వరసగా బేసిన్లు, ఒక్కొక్క బేసిన్ ముందు పీట మీద ఒక ఆడమనిషి. పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో ఉడికిస్తే జిగురు కరిగి, వెంట్రుక కన్నా సన్నటి పోగు ఊడివస్తుంది. అలాంటి పోగులు కొన్ని కలిపి చక్రానికి చుడితే దారం. నీళ్ళ వేడి తగ్గితే పోగు రాదు, లాగితే తెగుతుంది. వేడి మించితే గూడు చివికిపోయి పీచు లేస్తుంది. అందుకని ప్రతి బేసిన్ దగ్గరా గొట్టానికి ఒక ఇత్తడి కొళాయి ఉండేది, గుండ్రటి చక్రం పిడితో. అది తిప్పితే ఆవిరి సుయ్యిమంటూ నీళ్ళలోకి దిగుతుంది. వేడి ఎంత కావాలో ఆ ఆడవాళ్ళు నీళ్ళ చప్పుడును బట్టి, గూళ్ళు ఒరిగే తీరును బట్టి చూసుకునేవాళ్ళు.

సాయిబుకు వచ్చిన చిక్కు ఏమిటంటే, దారం ఒక బేసిన్‌లో ఒక రకంగా, ఇంకో బేసిన్‌లో ఇంకో రకంగా వస్తోందని బెంగుళూరులో కొనేవాళ్ళు పేచీ పెడుతున్నారు. అన్ని బేసిన్లలో వేడి ఒక్కటిగా ఉండాలంటే పెట్టెలు పెట్టాలని ఎవరో చెప్పారు. ముందు రెండు తెప్పించాడు. ఒకటి మొదటి బేసిన్‌కు, ఒకటి నాలుగో దానికి. అవి బాగుంటే అన్నిటికీ.

మొదటి బేసిన్ మీద కూర్చునే ఆవిడను అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, సాయిబుతో సహా. ఊరు గుడుపల్లె పక్కన. ఆ కొట్టంలో మొదటి పీట అంటే చిన్న విషయం కాదు. బాయిలరు వేడి అందరికన్నా ముందు అక్కడికి వస్తుంది, దాన్ని పట్టగలిగిన చెయ్యికే ఆ పీట. నాలుగో పీట మీద ఆమె కోడలు. అత్తాకోడళ్ళు పొద్దున ఒకే బస్సు దిగేవాళ్ళు. దిగేటప్పుడు మాట్లాడుకుంటూ దిగినట్టు నాకు గుర్తు లేదు.

పెట్టె అడుగెత్తు ఉంటుంది. ముందు వైపు ఎర్ర అంకెలు, కింద ఒక చిన్న బటను, దాని పక్కన పెన్సిలంత సన్నటి కాడ. బటను నొక్కి పట్టుకుంటే మనం పెట్టిన వేడి కనబడుతుంది. నొక్కి పట్టుకునే, రెండో చేత్తో కాడ తిప్పి ఆ అంకెను మార్చుకోవాలి. వదిలేస్తే నీళ్ళ వేడి కనబడుతుంది. ఆ తరువాత ఆవిరిని పెట్టే తెరుస్తుంది, పెట్టే మూస్తుంది. బల్ల మీద పెట్టుకొని చూస్తే చక్కటి ఏర్పాటు.

పెద్దమ్మ ఎడమచేతి వేళ్ళ సందుల్లో పోగులు ఉన్నాయి. కుడిచేతిలో గూళ్ళను తట్టి కొసలు లాగే చిన్న చీపురు. నేను ఆమెకు చూపించాను.

"ఈ బటను ఒత్తి పట్టుకోమ్మా. ఆ చేత్తో ఈ కాడ తిప్పు. అంకె మారతాది."

"బటనుకు ఒక సెయ్యి. కాడకు ఒక సెయ్యి. పోగు మీ తాత వచ్చి పట్టుకుంటాడా?"

కొట్టమంతా నవ్వింది. నేనూ నవ్వాను. అయినా ఆమె పని ఆపి ప్రయత్నించింది. అప్పుడు ఆ వేళ్ళు దగ్గరగా చూశాను. కొసలు తెల్లగా, నానబెట్టిన శనగల్లా ముడతలు పడి ఉన్నాయి. ఏళ్ళ తరబడి వేడినీళ్ళలో నానిన తోలు అది. బటను లోపలికి పోయిందో లేదో ఆ వేళ్ళకు తెలియదు. నొక్కానని ఆమె అనుకునేది, అది నొక్కుకునేది కాదు. సన్నటి కాడ తడికి జారిపోయేది. కోడలు వయసులో చిన్నది, ఎలాగో తంటాలు పడి తిప్పింది. కాని ఆమె బటను మీద చెయ్యి వేసిన ప్రతిసారీ పోగులు రాలి నీళ్ళలో పడ్డాయి.

సాయిబు వచ్చి నిలబడ్డాడు. "చిన్నామె తిప్తా ఉండాది గదా పెద్దమ్మా. నీకు చాతకాకుంటే నక్కో, వదిలెయ్. పీచు ఏరే కాడ కూర్చో. ఆడ మిషను లేదు."

పీచు ఏరడమంటే, బేసిన్ల కింద పడిన చిక్కుపీచును బుట్టల్లోకి ఎత్తడం. పీట ఉండదు, నేల మీద కూర్చోవాలి, ఒక్కొక్క బేసిన్ దగ్గరికీ జరుగుతూ పోవాలి.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "అంటే, నా కోడలు పీట మింద కూర్సోని దారం తీస్తా ఉంటే, నేను దాని కాళ్ళకాడ పీచు ఏరల్లా? ఆ మాట సెప్పు సాయిబూ. నేరుగా సెప్పు."

"నేను అట్ల చెప్పినానా? మిషను పెట్టినాక మిషను తెలిసినోళ్ళే కూర్చుంటారు. నేర్చుకో అని చెప్తాండా."

నేర్చుకో. ఈ మాటంటే నాకు అప్పుడూ ఒళ్ళు మంట, ఇప్పుడూ మంటే. నేర్చుకోవడానికి నేనేమీ విరోధిని కాదు, బతుకంతా అదే చేశాను. కాని ఎవడో ఎక్కడో బల్ల ముందు కూర్చొని గీసిన పెట్టెకు రెండు పొడి చేతులు కావలసివస్తే, ఆ రెండు పొడి చేతులను మొలిపించుకోవడం నేర్చుకునేదేం విద్య? సాయిబుతో అదే చెప్పాను. చేతులకు లోపం లేదు, పెట్టెకే ఉంది, మార్చి తెస్తానన్నాను. వచ్చే వారం బెంగుళూరు నుంచి దారం కొనే మనిషి చూడడానికి వస్తాడు, ఆ లోపల తెమ్మన్నాడు సాయిబు. అంతవరకు మొదటి పీట పెద్దమ్మదే. ఆ తరువాత చూస్తానన్నాడు.

ఆ పూటంతా అక్కడే ఒక గూళ్ళ మూట మీద కూర్చొని, పెట్టెలు లేని బేసిన్ల దగ్గర ఆడవాళ్ళు ఇత్తడి కొళాయిని ఎలా తిప్పుతున్నారో చూశాను. వేళ్ళతో తిప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. వేళ్ళ నిండా పోగులుంటాయి. మణికట్టు ఎముకతో కొందరు, అరచేతి మడమతో కొందరు, కొళాయి చక్రాన్ని అలా తోసేవాళ్ళు. ఒకామె మోచేత్తో తోసింది. కళ్ళు గూళ్ళ మీదే. ఆవిరి చప్పుడు విని ఆపేసేవాళ్ళు.

పోస్టాఫీసు నుంచి బెంగుళూరుకు ట్రంకు కాల్ చేశాను. పెట్టెలు చేసే ఆయన విని, "మార్చుకో. పనిచేస్తే నాకూ చెప్పు, తరువాత వాటిని అట్లే చేస్తాను" అన్నాడు. చెప్పాను గదా, మంచి మనిషని.

పుంగనూరులో మంచం కోళ్ళను తరిమెన మీద తిప్పి చెక్కే ఇంకో సాయిబు నాకు తెలుసు. ఆయన దగ్గరికి పోయి, జామకాయంత లావు నాబు ఒకటి కావాలన్నాను.

"ఇది ఏం మంచానికప్పా? కోడిపెట్ట పండుకునేదానికా?"

"మంచానికి కాదు. తిప్పేదానికి."

"ఏంటితో తిప్తారు? వేలుతోనా, చెయ్యితోనా?"

"మణికట్టుతో."

ఆయన తన మణికట్టును గాలిలో అటూ ఇటూ తోసి చూసుకున్నాడు. గుండ్రటి నాబు అయితే జారుతుందని, తుమ్మ చెక్కను నాలుగు రేకుల పువ్వులా చెక్కాడు. రేకుల మధ్య లోతుగా, ఎముక ఆనేటట్టు. ఒక రేకును మిగతావాటికన్నా పొడవు ఉంచమన్నాను, అది ఎటు తిరిగి ఉందో చూడకుండానే తెలియాలి. రెండు నాబులు చేయించి, నూనెలో నానబెట్టి, నడుమ ఇత్తడి గొట్టం దించి తెచ్చుకున్నాను. మదనపల్లెలో కూర్చొని సన్నటి కాడ తీసేసి, ఆ స్థానంలో రేడియోల్లో గొంతు పెంచే వాల్యూం కంట్రోలు లాంటిదే ఒకటి బిగించి, దాని మీద నాబు ఎక్కించాను. బటను అవసరమే లేదు. పెట్టిన వేడి ఎంతో అంకెల్లో చూసుకోవాలనుకున్నవాడు నొక్కుకోవచ్చు, తిప్పడానికి మాత్రం ఒక మణికట్టు చాలు. బల్ల మీద చేతులు తడిపి చూశాను, సబ్బు రాసి చూశాను, గుడ్డ చుట్టుకొని చూశాను. కుడికి తోస్తే వేడి పెరిగింది, ఎడమకు తోస్తే తగ్గింది. అద్భుతంగా ఉందనుకున్నాను, ఉంది కూడా.

బెంగుళూరు మనిషి రావడానికి ముందు రోజు కుప్పంలో రెండు పెట్టెలూ బిగించాను. పెద్దమ్మ నాబును మణికట్టుతో ఒకసారి తోసి చూసి, "ఇది నా సెయ్యి ఎరిగిన వస్తువు మాదిరి ఉండాదప్పా" అంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఎటు తిప్పితే ఏమవుతుందో చెప్పాను. ఆమె తల ఊపింది. గూళ్ళు వేసింది, పని మొదలయింది. సాయిబు నా వెనకే చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

కాసేపు అంతా సాఫీగా నడిచింది. తరువాత బాయిలరు మందగించి, గూళ్ళు ఒరగడం మానేశాయి. పెద్దమ్మ కళ్ళు తిప్పకుండా మణికట్టుతో నాబును తోసింది. సుయ్యిమంటున్న ఆవిరి ఠక్కున ఆగింది. ఆమె ఇంకా తోసింది. నీళ్ళు మూగబోయాయి. ఒక పోగు తెగింది, ఇంకొకటి తెగింది.

నాలుగో పీట మీదనుంచి కోడలు కేక వేసింది. "అత్తా, కుడిపక్క తిప్పు. కుడిపక్క."

"నువ్వు నాకు సెప్పేదానివయినావా? నీ గూళ్ళు సూసుకో."

ఆ మాట పౌరుషానికి అన్నదే. చెయ్యి ఇంకా ఎడమకే తోస్తోంది. నీళ్ళు చల్లబడి, ఒక విడత గూళ్ళు పాడయ్యాయి. సాయిబు నాతో ఏమీ అనలేదు, ఆమెతోనే అన్నాడు.

"పెద్దమ్మా, ఈయప్ప చెప్పినాడు, నీ కోడలు చెప్పింది. ఇంగ ఎవురు చెప్పల్ల? రేపు బెంగుళూరు ఆయప్ప వచ్చేపాటికి నీ పీటలో చిన్నామెను కూర్చోబెడతా."

ఆమె పోగులు వదిలేసి, తడిచేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

"యాల అట్ల తిప్పినావమ్మా?"

"ఏడి కావల్లని తిప్పినా."

"కుడికి అని చెప్పినా గదా."

"సెప్పినావు. యిన్నా. తలకాయికి తెలుసు. సెయ్యికి ఎవురు సెప్పల్ల?" అని పక్క బేసిన్ మీది ఇత్తడి కొళాయిని గడ్డంతో చూపించింది. "దాన్ని సూడు. ఏడి కావల్లంటే యాపక్క తిప్పుతారు? ఎడమకే గదా. పెండ్లయి వచ్చినకాడ్నుంచి ఎడమకే తిప్పుతాండా."

నేను లేచి ఆ కొళాయి దగ్గరికి పోయి చూశాను. ఎడమకు తోస్తే తెరుచుకుంది, ఆవిరి పెరిగింది. కుడికి తోస్తే బిగుసుకుంది. లోకంలో ఉన్న కొళాయిలన్నీ అంతే. రేడియో దానికి సరిగ్గా తలకిందులు, కుడికి తిప్పితే గొంతు పెరుగుతుంది. నా చెయ్యి రేడియోల దగ్గర పెరిగింది, ఆమె చెయ్యి కొళాయిల దగ్గర పెరిగింది. ఈ పెట్టె కొళాయి స్థానంలో వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు ఎవరి చెయ్యి మాట చెల్లాలి?

సాయిబుకు ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "చిన్నామె నేర్చుకునింది గదా. వయసు అయిపోయింది అప్పా, ఆమెకు. అంతే."

నేను వాదనకు దిగబోతుండగానే వరసలో ఎక్కడో గూళ్ళ బుట్ట ఒరిగి నీళ్ళలో పడి, మూడు నాలుగు బేసిన్ల దగ్గర ఒకటే అల్లరి. నాలుగో బేసిన్‌లోనూ చల్లటి గూళ్ళు కుప్పగా పడి నీళ్ళు చల్లారాయి. కోడలు ఒక చేత్తో గూళ్ళను విడదీస్తూ, తెగిన పోగులను అందుకుంటూ, మణికట్టుతో నాబును తోసింది. ఎడమకు. ఆవిరి ఆగిపోయింది. ఇంకా గట్టిగా ఎడమకే తోసింది.

"కుడిపక్క పాపా, కుడిపక్క" అంది పెద్దమ్మ, మొదటి పీట మీదనుంచి, తేనె పూసినట్టు.

కొట్టంలో నవ్వనిది కోడలొక్కతే. నేను సాయిబు వైపు తిరిగాను. "ఈమెకు కూడా వయసు అయిపోయిందా సాయిబూ?"

ఆయన బయటికి పోయాడు. తీరిక ఉన్నప్పుడు ఎవరైనా గుర్తు పెట్టుకుంటారు. చెయ్యి నిండా పని పడి, గుండె దడదడలాడినప్పుడు చెయ్యి తనకు తెలిసిన దారినే పోతుంది. ఆ క్షణం కోసమే మీట అన్నది ఉండేది. తక్కిన వేళల్లో ఎలా చేసినా నడిచిపోతుంది.

మాట్లాడుతూ కూర్చోలేదు. బాయిలరు పక్కన ప్లగ్గు ఉంది, అక్కడ సోల్డరింగు ఐరన్ పెట్టి వేడిచేశాను. వాల్యూం కంట్రోలుకు మూడు కాళ్ళుంటాయి. అటు చివరి కాలి తీగ ఇటు, ఇటు చివరి కాలి తీగ అటు మార్చి అతికితే, పెరిగేది తరుగుతుంది, తరిగేది పెరుగుతుంది. మొదటి పెట్టెకు ఆ పని చేసి, నాలుగో దాన్ని విప్పుతుంటే సాయిబు తిరిగి వచ్చాడు. నమాజుకు వేళయింది, తలకు టోపీ ఉంది.

"ఏం చేస్తాండావప్పా? లోకమంతా కుడికి తిప్తే పెరుగుతాది. ఫ్యాను అంతే, రేడియో అంతే. నువ్వు నా మిషనును ఉల్టా చేస్తాండావు. రేపు ఆయప్ప చూసి నవ్వుతాడు."

"నమాజుకు పోతాండావా?"

"ఆ. యాల?"

"కాళ్ళు చేతులు కడుక్కోని రా సాయిబూ. వచ్చినాక మాట్లాడుకుందాం."

కొట్టం వాకిట్లోనే కొళాయి ఉంది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకొని వంగి, కొళాయి తిప్పాడు. నేను వాకిలి దగ్గర నిలబడ్డాను.

"సాయిబూ, యాపక్క తిప్పినావు?"

ఆయన అలాగే వంగి తన చేతిని చూసుకున్నాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. మూశాడు, మళ్ళీ తెరిచాడు, ఎడమకు. తరువాత నిదానంగా, మర్యాదగా, కాళ్ళు చేతులు ముఖం కడుక్కున్నాడు. పోతూ పోతూ నాతో, "రెండోదీ మార్చేయ్" అన్నాడు. "ఆయప్పకు నేను చెప్పుకుంటా."

ఇందులో గెలిచానని నేను చెప్పుకోవడం లేదు. సాయిబు మూర్ఖుడు కాదు. ఇత్తడితో చేసిందైతే కొళాయి అని ఆయనకు తెలుసు, అంకెలు వెలిగేదైతే మిషను అనుకున్నాడు. చాలామంది అట్లే అనుకుంటారు. ఇప్పటికీ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కొత్త సామాను చేయబోయే ముందు, దాని స్థానంలో పాతది ఏముండేదో, దాన్ని జనం ఎటు తిప్పేవాళ్ళో ఒకసారి పోయి చూడరు. చూడడానికి ఖర్చేమీ లేదు. ఒక గూళ్ళ మూట మీద ఒక పూట కూర్చుంటే చాలు.

మరుసటి రోజు పొద్దున బెంగుళూరు మనిషి వచ్చేసరికి మొదటి పీట మీద పెద్దమ్మే ఉంది. సాయిబు ఆమెను లేపలేదు, నువ్వే కూర్చో అని కూడా అనలేదు. ఆ పీట వైపు చూడకుండా రెండో బేసిన్ గురించి మాట్లాడాడు. బాయిలరు ఆ రోజు కూడా వేళకు మందగించింది. పెద్దమ్మ మణికట్టు ఎడమకు ఒక్క తోపు తోసింది. ఆవిరి సుయ్యిమని లేచింది, గూళ్ళు ఒక్కొక్కటే ఒరిగాయి, పోగు తెగలేదు. ఎర్ర అంకెల వైపు ఆమె చూడనే లేదు. బెంగుళూరు మనిషి ఆమె చక్రం మీది దారాన్ని రెండు వేళ్ళ మధ్య జార్చి చూసి, నాలుగో చక్రం దగ్గరికి పోయి అక్కడా జార్చి చూసి, "రెండూ ఒకటే ఉన్నాయే" అన్నాడు. సాయిబు ముఖం చూడవలసింది.

వాళ్ళిద్దరూ టీకి పోయాక నేను సామాను సంచీలో సర్దుకుంటున్నాను. పెద్దమ్మ పిలిచింది.

"ఎందాక పోతావు? పని అయిందనుకుంటాండావా?"

"ఇంకేముండాదమ్మా?"

"ఆ ఎర్ర అంకెలు నా కండ్లల్లోకి కొడతాండాయి. పోగు కనపడ్లేదు. అంకెలు సాయిబుకు గదా కావల్సింది? సాయిబు తిరిగేది ఆపక్క. వాటిని ఆపక్కకు తిప్పు. నాబు మాత్రం నా పక్కకు ఉండల్ల. ఇంకా కిందికి, ఇదో, ఈడ, సెయ్యి ఎత్తే పని లేకుండా."

నేను బిత్తరపోయాను. చూపేది ఒకరికి, తిప్పేది ఇంకొకరికి. రెండూ ఒకే పలక మీద ఎందుకుండాలి? ఏ పుస్తకంలో రాసి ఉంది? సంచీ మళ్ళీ విప్పాను. నాబు ఉన్న వాల్యూం కంట్రోలును పెట్టెలోంచి బయటికి తీసి, పొడుగు తీగలతో బేసిన్ అంచుకు, ఆమె చూపించిన చోట బిగించడానికి కొలుచుకున్నాను. పెట్టెను స్తంభం మీద దారి వైపుకు తిప్పాలి.

కొలుస్తుండగా నాలుగో పీట మీదనుంచి కోడలు, ఈసారి గొంతు తగ్గించి అడిగింది. "నాకూ అట్లే పెట్టియ్యవాప్పా? నా కండ్లల్లోకి కూడా కొడతాండాయి."

పెద్దమ్మ పోగుల మీదనుంచి చూపు తిప్పలేదు.

"ముందు నాది కానీ" అంది.